ఏడో రోజు కూడా కొట్టమంటారా అండీ

జనవరి 20

ఈ పుస్తకం మార్క్ పుణ్యం. "సైటులో ఏది కదిలించినా తారీఖు వేసి కాగితం మీద రాసుకోరా శివా. కంప్యూటర్లోనే రాసుకుంటే అది తగలడ్డ రోజున రాసుకున్నది కూడా పోద్ది" అన్నాడు. మార్క్ నాతో డిగ్రీ చదివాడు. ఇప్పుడు చీరాలలో బడిపిల్లలకు కంప్యూటర్ చెబుతూ, ఖాళీ దొరికినప్పుడు నాలాంటి వాళ్ళ వెబ్‌సైట్లు చూసిపెడతాడు.

ఇవాళ చేసినవి. పాస్‌వర్డు మార్చాను. ఆరేళ్ళుగా మా ఆవిడ జ్యోతిర్మయి పుట్టినరోజే పాస్‌వర్డు, దర్శిలో సగం మందికి తెలిసే ఉంటుంది. ఇకమీద లోపలికి వెళ్ళాలంటే నా ఫోనుకు అంకెలు వచ్చేలా పెట్టాను. సైటుకు తగిలించి ఎన్నడూ వాడని ప్లగిన్లు ఐదు పీకేశాను. ప్రతి ఆదివారం సైటు మొత్తం నకలు తీసి మార్క్ దగ్గర దాచే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. అది నడుస్తోందో లేదో చూశాను. నడుస్తోంది.

ఇంత హఠాత్తుగా ఎందుకని జ్యోతి అడిగింది. దొంగలు ఎక్కువయ్యారన్నాను. ఏం లేదు, ఒక కామెంటు పదేపదే వస్తోంది. తీసేస్తే మళ్ళీ వస్తోంది. ఇలాంటి చెత్త అన్ని సైట్లకూ వస్తుంది.

జనవరి 21

తీసేశాను. మధ్యాహ్నం రెండూ పదికి మళ్ళీ వచ్చింది.

జనవరి 23

పుస్తకం ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి ఒక మాట రాసుకుంటాను. 'గట్టుమీద' సైటు నా ఒక్కడి చేతిపని. మిరప గురించి నాలుగు వందల పన్నెండు టపాలు రాశాను. నారు పోసిన నాటి నుంచి కల్లంలో ఆరబోసే దాకా ఏ తెగులుకు ఏం చేయాలో అందులో ఉంది. ఇటు పొదిలి, అటు వినుకొండ దాకా చూస్తారు. బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టు నాకు బతుకుతెరువు, సైటు నాకు పరువు. కాగితాలకని వచ్చిన రైతు "శివరామకృష్ణ గారంటే మీరేనా అండీ?" అని అడిగితే ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. సైటులో ఫొటో పెట్టుకోలేదు. పేరు చాలనుకున్నాను.

కామెంటు ఏదొచ్చినా నేను చూసి వదిలితేనే టపా కింద కనబడుతుంది. వచ్చినప్పుడు తెలియాలని ఫోనులో దానికి బడిగంట మోత పెట్టాను. ఒకప్పుడు ఆ గంట కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఇవాళ రెండూ అయిదుకి మోగింది. తీసేశాను.

జనవరి 24

మార్క్‌కి చెప్పక తప్పలేదు. వాడు నమ్మలేదు.

"ఒకే పేరుతో ఒకే మాట రెండోసారి వస్తే సైటే ఆపేస్తదిరా. 'ఇది ముందే పంపారు' అని వెనక్కి కొడతది. నీకెట్టా వస్తంది?"

"ఏమో, వస్తోంది."

"ఏముంది అందులో?"

"ఏదో మందుల గోల."

వాడు సర్వరు చిట్టా అంతా తిరగేసి సాయంత్రం మళ్ళీ చేశాడు. "ఇది బయటి దేశాల బాపతు కాదురా. మన సెల్ నెట్‌వర్కే. పాత ఫోను. మిషను పంపేది కాదు, ఎవరో చేత్తో నొక్కి పంపతన్నారు."

చేత్తో అన్న మాట విన్నాక కొట్లో కూర్చోలేకపోయాను. షట్టరు దించి ఇంటికొచ్చాను. జ్యోతి అడిగితే తలనొప్పి అన్నాను.

జనవరి 25

మొత్తం ఇక్కడ రాసేస్తే తలలోంచి పోతుందేమో. కామెంటు ఇది:

"ఆకులు మాడుతున్నాయి అండి. ఏడో రోజు కూడా కొట్టమంటారా. యలమందయ్య, రేగడిపాలెం."

ఇంతే. చెత్త కామెంట్లు ఇలా ఉండవని నాకు తెలుసు.

జనవరి 28

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఫోను మోగింది. నా చెయ్యి ఎంగిలిలో ఉంది. జ్యోతి తీసి చూసింది.

"యలమందయ్యా? రేగడిపాలెమా?"

"ఇలా ఇవ్వు."

"ఉండండీ. ఈయన మా ఆసుపత్రికి వచ్చినాయనే. నవంబర్లో. మందు కొడతా చేలో పడిపోతే ట్రాక్టరు మీద తెచ్చారు. అప్పటికే అయిపోయింది. దుప్పటి కప్పింది నేనేగా. ఆ సాయంత్రం మీకు చెప్పాను కూడా."

"ఆ పేరు ఇంకొకళ్ళకి ఉండకూడదా?"

"రేగడిపాలెం అంతా కలిపి అరవై గడపలండీ" అంది.

ఫోను బోర్లించి పెట్టింది. నాకు మజ్జిగ పోయడం మరిచిపోయింది, నేనూ అడగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కామెంటు తీసేశాను.

జనవరి 30

బస్టాండు అరుగు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను కొట్టు తెరిచేటప్పటికే ఉన్నాడు. ఇటు వీపు పెట్టి, తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. పక్కన మందు కొట్టే ట్యాంకు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆయన ఎక్కడం లేదు. పన్నెండు కాగానే లేచి ట్యాంకు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఈ కోతల రోజుల్లో ట్యాంకుతో ఎవరికి పని ఉంటుంది? కొట్లో జనం ఉండి మొహం చూడలేదు.

ఫిబ్రవరి 1

ఆ కామెంటు ఏ టపా కిందికి వస్తోందో, దాని సంగతి.

నవంబర్లో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూత పూసినట్టే పూసి రాలిపోతోంది. రోజుకు వందమంది ఏం కొట్టాలండీ అని అడుగుతున్నారు. నాకేమీ తెలియదని ఎలా రాస్తాను? వాట్సాప్‌లో మందుల కొట్ల వాళ్ళ గుంపు ఒకటి ఉంది. అందులో ఎవరో పెట్టారు, ఫలానా రెండు మందులు కలిపి కొట్టి, ఏడో రోజు మళ్ళీ కొడితే పురుగు పోతోందని. అది రాశాను. "మా చేలో కొట్టి చూశాను, వారానికల్లా కొత్త ఇగురు వచ్చింది" అని కూడా రాశాను.

మా చేను కౌలుకిచ్చి మూడేళ్ళయింది. గట్టెక్కి చూసి కూడా మూడేళ్ళయింది. కానీ ఆ వాక్యం లేకపోతే ఎవరూ నమ్మరు. మందుల గురించి రాసేవాళ్ళందరూ అలాగే రాస్తారు.

టపా చివర "ఆకు మాడితే వెంటనే ఆపేయాలి, రెండోసారి కొట్టవద్దు" అని స్పష్టంగా ఉంది. ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. నవంబరు 8 తారీఖుతో ఉంది.

ఫిబ్రవరి 3

అరుగు మీద ఆయన మళ్ళీ ఉన్నాడు. పన్నెండుకి లేచి వెళ్ళాడు. టీ కొట్టు సలీంని అడిగాను. "అరుగు మీదా? ఎవురూ కూర్చోలేదే. పొద్దుట్నుంచి ఈడనే గదా ఉండా" అన్నాడు.

సలీం పొయ్యి దగ్గర ఉంటాడు. అక్కడి నుంచి అరుగు సరిగా కనబడదు.

ఫిబ్రవరి 4

ఇవాళ గంట మోగలేదు. రెండు నుంచి నాలుగున్నర దాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు ఆధార్ కార్డులు జిరాక్సు తీయమని వచ్చి, నేను పలక్కపోతే పక్క కొట్టుకు వెళ్ళారు.

ఫిబ్రవరి 5

మోగింది. రెండుకి ఇంకా రెండు నిమిషాలుండగానే మోగింది. నిన్న రానందుకు తొందరపడినట్టు అనిపించింది. ఇలాంటి ఊహలు కట్టిపెట్టాలి.

ఫిబ్రవరి 6

సైటును వేరే సర్వరుకు మార్చేయమని మార్క్‌ని అడిగాను. పాత ఇంట్లో ఏదో చేరిందనిపిస్తే ఇల్లే మారాలి.

"అంతెందుకురా? కొన్నాళ్ళు కామెంట్లు మూసెయ్. తలుపే లేకపోతే ఎట్టా వస్తది?" అన్నాడు.

"కోతల సీజను. రైతులకు సవాలక్ష అనుమానాలు ఉంటాయి. మూస్తే ఎలా?"

అది నిజమే. ఇంకొకటీ నిజమే. మూసేయడానికి ఒకసారి లోపలికి వెళ్ళాను. కామెంట్లు రానిచ్చే గడిలో గుర్తు తీసేస్తే చాలు. తీయలేకపోయాను. అడుగుతున్న మనిషి మొహం మీద తలుపు వేసినట్టు అనిపించింది. రోజూ తీసేస్తున్న వాడికి ఈ పట్టింపు ఏమిటో నాకే అర్థం కావడం లేదు.

ఫిబ్రవరి 8

మార్చేశాడు. కొత్త కంపెనీ, కొత్త సర్వరు. సైటు పేరు మాత్రం పాతదే. లోపల ఏ చెత్తా లేని నకలు కావాలని, నవంబరు 16 ఆదివారం నాటిది తీసి పెట్టి, ఆ తర్వాతి టపాలు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించాడట. కొత్త సైటులో యలమందయ్య పేరు ఎక్కడా లేదు. వెతికి చూశాను. ఒళ్ళు తేలికైంది. జ్యోతికి జిలేబీ కట్టించుకుని వెళ్ళాను.

రెండూ ఎనిమిదికి గంట మోగింది.

జిలేబీ పొట్లం ఇంకా విప్పలేదు.

ఫిబ్రవరి 9

పొద్దున్నే మార్క్ ఫోను.

"ఒరేయ్, ఆ తామర పురుగు టపా చివర ఒక వాక్యం తేడా ఉంది. ఆకు మాడితే ఆపేయాలని నిన్నటిదాకా ఉందిరా. నవంబరు పదహారు నకల్లో లేదు. ఎప్పుడు పెట్టావది?"

"తర్వాత పెట్టాను."

"తర్వాతంటే?"

"పద్దెనిమిది సాయంత్రం."

"మరి పైన తారీఖు ఎనిమిదనే ఉంచావే? మొదట్నుంచీ ఉన్నట్టు?"

ఫోనులో వాడి వెనక బడిలో పిల్లల ప్రార్థన వినబడుతోంది.

"నేనైతే దాన్ని మళ్ళా పెట్టను. నీకంత కావాలంటే నువ్వే పెట్టుకో" అని ఫోను కట్టేశాడు.

పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 10

ఇది ఎవరూ చదవరు. రాస్తాను.

ఆ కామెంటు మొదట వచ్చింది నవంబరు 18 ఉదయం ఆరూ నలభైకి. ఏడింటికి చదివాను. కాఫీ తాగుతున్నాను. దాన్ని వదిలితే నా టపా కిందే ఆకులు మాడుతున్నాయని అందరూ చూస్తారు. పోనీ విడిగా జవాబు ఇద్దామంటే నాకు తెలియదు. ఆ మందు నేనెప్పుడు కొట్టాను గనక? ఎవరైనా తెలిసినవాళ్ళని కనుక్కుని సాయంత్రం చెబుదాంలే అనుకుని కొట్టుకు వెళ్ళాను. ఆ రోజు జిరాక్సుల రద్దీ. మరిచిపోయానని రాయబోయాను. మరిచిపోలేదు. రెండుసార్లు గుర్తొచ్చింది.

సాయంత్రం జ్యోతి వచ్చి, చెప్పులు విప్పుతూ ఆ పేరు చెప్పింది.

ఆమె స్నానానికి వెళ్ళి వచ్చేలోపల రెండు పనులు చేశాను. టపా చివర ఆ వాక్యం చేర్చాను. కామెంటు తీసేశాను. తర్వాత ఇద్దరం కూర్చుని అన్నం తిన్నాం. ఆయన ఎలా పోయాడని వివరంగా అడిగాను కూడా. మూతికి గుడ్డ లేకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో, రెండు మందులు కలిపి కొడుతున్నాడట. అంత ఎండలో ఎవరైనా మందు కొడతారా, బొత్తిగా జాగ్రత్త లేదు జనానికి అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఫిబ్రవరి 13

రేగడిపాలెం వెళ్ళొచ్చాను.

ఇవాళ్టిది ఇంకా రాలేదు కాబట్టి సైటు ఖాళీగానే ఉంది. నిన్నటిది నిన్నే తీసేశాను. ఒంటిగంటకు బండి తీశాను. దారికి రెండువైపులా కల్లాలు, ఎర్రగా ఆరబోసిన కాయలు. ఘాటుకి దగ్గుతూనే ఉన్నాను. ఎవరిని అడిగినా ఇల్లు చూపించారు. ఇంటి ముందు అరుగు మీద మందు కొట్టే ట్యాంకు బోర్లించి ఉంది.

యలమందయ్య భార్య పేరు సుబ్బరావమ్మ. అప్పుడే కోతల నుంచి వచ్చినట్టుంది, మంటలు పుట్టే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. దర్శి నుంచి వచ్చాననీ, యలమందయ్య గారు తెలుసుననీ చెప్పాను.

"ఆయన నీకు తెలుసా? రా బాబూ, కూర్చో" అని ట్యాంకు పక్కకి జరిపింది. కూర్చున్నాను.

కాసేపటికి "చదువుకున్నోడిలా ఉన్నావు, ఒక సాయం చేస్తావా" అంటూ గూట్లోంచి ఫోను తీసింది. అద్దం పగిలిన పాత ఫోను. "ఆయన దీంట్లో మందుల సారుని అడిగాడు. ఎప్పుడన్నా మందు కొట్టాలంటే ఎండెక్కకముందే పోయి కొట్టేసి వచ్చేవోడు. ఆ రోజు పోలా. సారు చెప్తాడు, చెప్పినాక పోతానని ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాడు. ట్యాంకు పక్కన పెట్టుకుని, ఫోను వంకే చూస్తా. పన్నెండు అయింది. ఇంక చెప్పడులే, వద్దనలేదంటే కొట్టమనేగా అని లేచి పోయాడు."

కూర్చున్న చోటు నుంచి లేవాలనిపించింది.

"జవాబొచ్చిందేమో చూసి చెప్పు బాబూ. నాకు చదవడం రాదు. పిల్ల భవ్య ఒంగోలు హాస్టల్లో ఉంటది. జనవరిలో ఇది ఛార్జింగు పెట్టి, నాన్న ఫోను నీ దగ్గరుంచుకో అమ్మా, నేను చేస్తానని ఇచ్చిపోయింది. దానికి చూపిస్తే ఏడుస్తది. పక్కింటోళ్ళకి చూపిస్తే ఎర్రిదంటారు. ఆయన రాసింది దీంట్లో అట్నే ఉంది. కోతల నుంచి వచ్చి రోజుకొకసారి నేనే నొక్కతా. మళ్ళా పంపితేనన్నా చూస్తాడేమోనని."

మిగతా వేళ్ళకి నూనె ఉంటే ఫోను పలకదని చిటికెన వేలు మాత్రం పొడిగా ఉంచుకుంది. ఆ వేలితో నొక్కింది.

నా జేబులో బడిగంట మోగింది.

చెయ్యి దానంతట అదే ఫోను తీసింది. పక్కకి తిరిగి, ఆలోచించకుండా, రోజూ తీసేసినట్టే తీసేశాను. "ఇంటి దగ్గర్నుంచి" అన్నాను.

"పోయిందో లేదో" అని ఆమె వెనక్కి బాణం నొక్కి, అదే పేజీ రాగానే మళ్ళీ నొక్కింది.

మళ్ళీ మోగింది.

ఆమె నా చేతిలో ఫోను వంక చూసింది. తర్వాత నా మొహం వంక చూసింది. వీధిలో ట్రాక్టరు ఒకటి మిరపకాయల టిక్కీల లోడుతో పోయింది.

"జవాబొచ్చిందా బాబూ?" అంది. ఇందాకటి గొంతు కాదది.

"ఇంకా రాలేదమ్మా" అన్నాను.

మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వచ్చేశాను. బండి మీద వస్తూ రెండుచోట్ల ఆగాను.

ఫిబ్రవరి 14

మార్క్ మొదటి రోజే చెప్పాడు. పాతది ఉంటే రెండోది రాదు, సైటే ఆపేస్తుంది అని. నేను తీసేస్తున్నానని వాడికి చెప్పలేదు. తీసేసిన ప్రతిసారీ చోటు ఖాళీ చేసి నేనే రమ్మంటున్నాను. నవంబరు 18న దాన్ని తీసేయకుండా ఉంచినా ఆమె నొక్కుడు నా దాకా వచ్చేది కాదు.

దెయ్యం లేదు, దొంగ లేడు. హాయిగా ఉండాలి కదా. లేదు.

అరుగు మీద కూర్చునే ఆయన సంగతి మాత్రం ఎవరితోనూ అనను. పన్నెండు దాకా కూర్చున్నాడని ఆమె చెప్పకముందే నేను రెండుసార్లు చూశాను.

ఫిబ్రవరి 15

మొన్న రెండోసారి వచ్చినదాన్ని తీసేయలేదు. నిన్న మోగలేదు. ఇవాళ మోగలేదు.

ఫిబ్రవరి 16

మోగలేదు.

ఫిబ్రవరి 17

మోగలేదు. ఆమె నొక్కుతూనే ఉండి ఉంటుంది. ఇది ముందే పంపారని తిప్పికొడుతూ ఉంటుంది. అది కూడా ఆమె చదవలేదు.

ఫిబ్రవరి 19

రెండింటికి వీధి చివర బడిలో నిజం గంట కొడితే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. జ్యోతికి ఇవాళ సెలవు. ఇంట్లోనే ఉంది.

"మోగితే ఒక గొడవ, మోగకపోతే ఒక గొడవ. ఏంటండీ ఇది? ఆ చచ్చిపోయినాయనకీ మీకూ ఏంటి సంబంధం?"

చెప్పేశాను. నవంబరు నుంచి మొన్న అరుగు మీద కూర్చున్న దాకా అంతా. ఆమె నిలబడే విన్నది. చేతిలో చీపురు అలాగే ఉంది. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆమె ఎదురుగా కూర్చుని రాలేదని ఎట్టా చెప్పారండీ?" అంది. అంతే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఫిబ్రవరి 21

రెండుంపావుకి గంట మోగింది.

మోగకూడదు. పాతది అలాగే ఉంది, నేను ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళి చూశాను. పేరు యలమందయ్య అనే ఉంది. మాటలు వేరు. ఉన్నది ఉన్నట్టు దించుకుంటున్నాను.

"బాబు పిల్ల వచ్చి మైకు చూపించింది మాట్లాడితే అదే రాస్తది అంట ఆ రోజు నేను రెండు సార్లు నొక్కా రెండు సార్లు నీ జేబులో మోగింది నువ్వే గదా సారువి నేను ఎవురికీ చెప్పలా ఆయన్ని కొట్టమన్నావా వద్దన్నావా ఆ ఒక్క మాట చెప్పు బాబు"

ఐదారుసార్లు చదివాను. ప్రతిసారీ ఆమె గొంతే వినబడింది. తీసేసే గుర్తు పక్కనే ఉంది. వేలు దాని మీదికి వెళ్ళింది. అలవాటు ఎంత పాడుదో ఇప్పుడు తెలిసింది. ఫోను జ్యోతి చేతికిచ్చి, రేపటిదాకా నాకు ఇవ్వొద్దన్నాను.

ఫిబ్రవరి 22

ఉదయం తొమ్మిదింటి లోపల చేసినవి.

టపాలో నవంబరు 18న చేర్చిన వాక్యం తీసేశాను. మొదట రాసింది మొదట రాసినట్టే ఉంచాను. దాని పైన, ఇవాళ్టి తారీఖు వేసి, ఇది రాశాను: "ఈ మందులు నేను ఎన్నడూ కొట్టలేదు. కొట్టానని అబద్ధం రాశాను. ఎవరూ కొట్టవద్దు. తర్వాత ఒక హెచ్చరిక చేర్చి, అది మొదటినుంచీ ఉన్నట్టు చూపించాను. అదీ అబద్ధమే."

రెండు కామెంట్లూ వదిలాను. మొదటిదాని కింద జవాబు రాశాను.

"వద్దు యలమందయ్య గారూ. కొట్టవద్దు. చేలోకి వెళ్ళవద్దు. మీరు అడిగింది నవంబరు 18 ఉదయం ఏడింటికే చదివాను. ఊరుకున్నాను. నా జవాబు కోసం మీరు పన్నెండు దాకా కూర్చున్నారని ఆలస్యంగా తెలిసింది. శివరామకృష్ణ, దర్శి."

మార్క్‌కి ఫోను చేసి పాస్‌వర్డు మార్చమన్నాను. కొత్తది నాకు చెప్పొద్దన్నాను. లోపలికి వెళ్ళే అంకెలు కూడా వాడి ఫోనుకే వచ్చేలా చేయమన్నాను. "ఎందుకురా? నీ సైటేగా" అన్నాడు. "నేను మళ్ళీ తీసేస్తాను" అన్నాను. వాడు సరేనన్నాడు. పదినిమిషాల తర్వాత ప్రయత్నించి చూశాను. సైటు నన్ను లోపలికి రానివ్వలేదు.

అప్పటినుంచి ఫోన్లు వస్తున్నాయి. ఒకాయన అమ్మనాబూతులు తిట్టాడు. పూర్తిగా విన్నాను. కొట్టుదాకా వెళ్ళి, తెరవకుండానే వచ్చేశాను. వస్తూ వస్తూ బస్టాండు అరుగు వంక చూశాను. ఖాళీగా ఉంది.

సైటు లోపలికి వెళ్ళలేకపోయినా కామెంటు వస్తే గంట నా ఫోనులోనే మోగుతుంది. ఆ మోత తీసేద్దామనుకున్నాను. తీయలేదు. ఆమె కొత్తగా ఏదన్నా అడిగి నొక్కితే ఆమె ఎదురుగానే మోగాలి.

జవాబు వచ్చింది కానీ ఆమెకు చదవడం రాదు, నేనే చదివి వినిపించాలి. కోతల నుంచి ఒంటిగంట దాటాక వస్తుంది. జ్యోతి కూడా వస్తానంటే వద్దన్నాను. ఇప్పుడు పదకొండున్నర. పన్నెండు కాకముందే రేగడిపాలెం వెళ్ళి ఆమె ఇంటి ముందు ఆ అరుగు మీద కూర్చుంటాను.